టర్బో డీజిల్ ఇంజిన్లలో క్రాంక్‌కేస్ వాయువులు, నూనె ఆవిరి యాజమాన్యం: ట్రాక్టర్లు, వరికోత యంత్రాలకు సంబంధించిన వివరణ

పరిచయం

వ్యవసాయ యంత్రం ఒక రోజు ఆగిపోతే కలిగే నష్టం, ఆ రోజున పైరు ఏ దశలో ఉన్నదనే దానిపై ఆధారపడి ఉంటుంది. గింజలో తేమ 20–22 శాతానికి దిగివచ్చిన వరి చేనులో కోత నాలుగైదు రోజులు ఆలస్యమైతే గింజ రాలడం, పైరు పడిపోవడం, మరపట్టినప్పుడు నూక శాతం పెరగడం వంటి నష్టాలు వరుసగా కలుగుతాయి. కోస్తా జిల్లాలలో సార్వా కోతలు తుఫానుల కాలంలోను, తెలంగాణలో యాసంగి కోతలు వడగండ్ల వానల కాలంలోను జరుగుతున్నందున ఈ నష్టభయం మరింత ఎక్కువ. కాబట్టి కోత యంత్రం ఇంజిన్ ఆరోగ్యం మెకానిక్కుతో పాటు సేద్య శాస్త్రవేత్త కూడా పట్టించుకోవలసిన విషయం.

నేటి వరికోత యంత్రాలలో, 50 హెచ్‌పికి పైబడిన అనేక ట్రాక్టర్లలో టర్బోఛార్జర్ కలిగిన డీజిల్ ఇంజిన్లు వాడుకలో ఉన్నాయి. వీటి విషయంలో గ్రామాలలో తరచుగా వినిపించే ఫిర్యాదులు మూడు. మొదటిది, బ్రీదర్ గొట్టం నుండి పొగ వస్తున్నది, ఇంజిన్ బోరింగుకు వచ్చిందా అన్నది. రెండవది, టర్బో నూనె కారుస్తున్నది, కొత్తది వేసినా ఆగడం లేదు అన్నది. మూడవది, ఇంటర్‌కూలర్ గొట్టాలలో నూనె చేరుతున్నది అన్నది. ఈ మూడింటికీ మూలం చాలాసార్లు ఒకే చోట, అంటే క్రాంక్‌కేస్ లోపలి వాయువులు బయటకు వెళ్లే మార్గంలో ఉంటుంది. ఆ మార్గాన్ని పరీక్షించకుండా ఇంజిన్ విప్పడం గాని, టర్బో మార్చడం గాని చేయరాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే ముఖ్య విషయం.

క్రాంక్‌కేసులోకి వాయువులు చేరే విధానం

పిస్టన్‌కు, లైనర్‌కు మధ్యనున్న సందును పిస్టన్ రింగులు మూసి ఉంచుతాయి. ఎంత కొత్త ఇంజిన్ అయినా ఈ మూత సంపూర్ణం కాదు. గాలి కుదింపు దశలోను, ఇంధనం మండే దశలోను సిలిండర్‌లో ఏర్పడే అధిక పీడనం వలన కొద్దిపాటి వాయువులు రింగుల కొనల సందుల గుండా కిందికి జారి క్రాంక్‌కేసులో చేరుతాయి. ఈ వాయు ప్రవాహాన్నే బ్లో-బై అంటారు. దీనిని రోగంగా భావించరాదు. పరిమితిలో ఉన్నంత వరకు ఇది ప్రతి ఇంజిన్‌కూ సహజమైన లక్షణం.

పరిమాణం ఎంత ఉంటుందో ఒక లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. నాలుగు లీటర్ల సామర్థ్యం కలిగిన నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 2200 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. రెండు చుట్లకు ఒకసారి చొప్పున అది నిమిషానికి 1100 సార్లు, అంటే 4400 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. టర్బో ఆ గాలి సాంద్రతను 1.8 రెట్లకు పెంచితే, బయటి గాలి లెక్కన అది సుమారు 8000 లీటర్లు అవుతుంది. ఇందులో అర శాతం నుండి ఒక శాతం రింగులను దాటి పోయినా నిమిషానికి 40 నుండి 80 లీటర్ల వాయువు క్రాంక్‌కేసులోకి చేరుతుంది. మంచి స్థితిలో ఉన్న ఇంజిన్‌లో కూడా బ్రీదర్ నుండి పలుచని ఆవిరి నిరంతరం రావడానికి కారణం ఇదే.

టర్బో ఇంజిన్‌లో ఈ ప్రవాహానికి ఇంకొక మూలం కూడా తోడవుతుంది. టర్బో ఇరుసుకు రెండు చివరలా సన్నని రింగుల వంటి సీళ్లు ఉంటాయి. ఒక వైపు సైలెన్సర్‌కు వెళ్లే వేడి వాయువులు, మరొక వైపు కుదించిన గాలి పీడనంతో ఉంటాయి. వీటిలో కొంత భాగం సీళ్లను దాటి, టర్బో నుండి నూనె దిగే గొట్టం గుండా క్రాంక్‌కేసులోకి వస్తుంది. వాల్వు గైడ్లు అరిగినప్పుడు వాటి గుండా కూడా కొంత వాయువు చేరుతుంది. కాబట్టి బ్రీదర్ నుండి వచ్చే ప్రవాహం పెరిగిన ప్రతిసారీ రింగులే అరిగాయని తీర్మానించడం సరికాదు.

నూనె తుంపర, నూనె ఆవిరి, నీరు

క్రాంక్‌కేసులోని వాయువు ఒంటరిగా బయటకు రాదు. క్రాంక్ తిరిగే వేగానికి ఎగిరిన నూనె, పిస్టన్ అడుగు భాగాన్ని చల్లబరచడానికి చిమ్మే నూనె ధార, రింగుల సందుల నుండి దూసుకువచ్చే వాయువు చీల్చిన నూనె పొర, ఇవన్నీ కలిసి సూక్ష్మమైన తుంపరగా మారుతాయి. దీనికి తోడు పిస్టన్ అడుగున, రింగుల వద్ద ఉండే అధిక వేడికి నూనెలోని తేలికపాటి భాగాలు ఆవిరై, కొద్దిగా చల్లబడగానే మరింత సూక్ష్మమైన బిందువులుగా ఏర్పడతాయి. పెద్ద బిందువులు బ్రీదర్‌లోని అడ్డుపలకలకు తగిలి తిరిగి సంపులోకి జారిపోతాయి. ఒక మైక్రాను పరిమాణంలోను, అంతకంటే చిన్నవిగాను ఉండే బిందువులు గాలితో పాటు మలుపులు తిరిగి బయటకు సాగిపోతాయి. నూనె ఆవిరిని అదుపు చేయడంలోని కష్టమంతా ఈ చిన్న బిందువుల వద్దనే ఉంది.

గంటకు పది గ్రాముల నూనె ఈ రూపంలో పోతున్నదనుకొందాం. చూడడానికి ఇది చాలా స్వల్పం. కాని 250 గంటల వ్యవధిలో అది రెండున్నర కిలోలు, అంటే దాదాపు మూడు లీటర్లు అవుతుంది. ఆ నూనె రేడియేటర్ పైనా, ఇంటర్‌కూలర్ లోపలా, పొలంలోనా, ఎక్కడికి చేరుతున్నదన్నది బ్రీదర్ అమరికను బట్టి ఉంటుంది.

మూడవ అంశం నీరు. ఒక లీటరు డీజిల్ మండినప్పుడు సుమారు ఒక కిలో నీటి ఆవిరి ఏర్పడుతుంది. బ్లో-బై ద్వారా అందులో కొంత క్రాంక్‌కేసుకు చేరుతుంది. ఇంజిన్ పూర్తి వేడిలో పనిచేస్తున్నప్పుడు ఈ నీరు ఆవిరిగానే బయటకు పోతుంది. చలికాలపు ఉదయాలలో, ముఖ్యంగా ఆదిలాబాద్, అరకు వంటి చలి ప్రాంతాలలో, ఇంజిన్‌ను కొద్దిసేపు నడిపి ఆపివేస్తుంటే అది లోపలే చల్లబడి నూనెతో కలిసి తెల్లని వెన్నవంటి పదార్థంగా నూనె మూత అడుగున, బ్రీదర్ గొట్టంలో పేరుకుంటుంది. ఈ పదార్థమే ఎన్నోసార్లు బ్రీదర్ మార్గాన్ని మూసివేస్తుంది.

టర్బో ఇంజిన్‌కు గల ప్రత్యేక పరిస్థితి

పెట్రోలు ఇంజిన్‌లో గాలిని నియంత్రించే థ్రాటిల్ పలక కారణంగా ఇన్‌టేక్ మానిఫోల్డులో పీల్చే శక్తి ఏర్పడుతుంది. క్రాంక్‌కేస్ వాయువులను అక్కడికి కలిపి, ఒక చిన్న వాల్వు ద్వారా నియంత్రిస్తే సరిపోతుంది. సంప్రదాయ డీజిల్ ఇంజిన్ పీల్చుకునే గాలికి అటువంటి అడ్డు లేదు. టర్బో ఉన్నప్పుడైతే మానిఫోల్డులో పీల్చే శక్తికి బదులు బయటకు నెట్టే పీడనమే ఉంటుంది. క్రాంక్‌కేసును పొరపాటున మానిఫోల్డుకు కలిపితే టర్బో గాలి వెనుకకు వచ్చి క్రాంక్‌కేసులో పీడనాన్ని పెంచుతుంది. అందువలన టర్బో ఇంజిన్‌లో ఈ వాయువులను పంపడానికి రెండే చోట్లు మిగులుతాయి. ఒకటి బయటి వాతావరణం, రెండవది ఎయిర్ ఫిల్టర్‌కు, టర్బో కంప్రెసర్‌కు మధ్యనున్న గొట్టం.

తెరిచిన పద్ధతి

బ్రీదర్ గొట్టాన్ని ఇంజిన్ పక్కగా కిందికి వదిలివేయడం పాత పద్ధతి. ఇది సులభమైనది, నమ్మదగినది. టర్బో లోపలికి నూనె పోదు. అమెరికాలో కూడా భారీ వాహనాల టర్బో డీజిల్ ఇంజిన్లకు 2007 మోడల్ సంవత్సరం వరకు ఈ వెసులుబాటు కొనసాగింది. టర్బో, ఇంటర్‌కూలర్ నూనెతో పాడవుతాయన్న ఆందోళన అందుకు ఒక కారణం.

దీని లోపాలు వ్యవసాయ యంత్రాలలో స్పష్టంగా కనిపిస్తాయి. నూనె తడికి దుమ్ము అంటుకొని రేడియేటర్ రెక్కల మధ్య గట్టిపడి ఇంజిన్ వేడెక్కుతుంది. కోత యంత్రంలో పరిస్థితి మరింత ప్రమాదకరం. నూనె అంటిన భాగాలపై ఎండుగడ్డి తునకలు, పొట్టు పేరుకొని, టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డుల వేడికి అంటుకునే అవకాశం ఉంది. డీజిల్ ఇంజిన్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. బ్లో-బైలో కూడా మండిన వాయువులు కలిసి ఉంటాయి కాబట్టి, గొట్టం కొన డ్రైవర్ కూర్చునే వైపుకు గాని, క్యాబిన్ గాలి లోపలికి వచ్చే వైపుకు గాని ఉండరాదు.

మూసిన పద్ధతి

వాయువులను నూనె వేరుచేసే పరికరం గుండా పంపి, తరువాత కంప్రెసర్ ముందరి గొట్టానికి కలపడం మూసిన పద్ధతి. మనదేశంలో 50 హెచ్‌పికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగవ దశ ప్రమాణాలు 2023 జనవరి నుండి అమలులోకి వచ్చాయి. ఉద్గార ప్రమాణాలు కఠినమవుతున్న కొద్దీ ఈ పద్ధతి ప్రాధాన్యం పెరుగుతుంది.

ఈ పద్ధతిలో నూనెను ఎంత బాగా వేరుచేశామన్నదే ముఖ్యం. వేరుకాని నూనె ముందుగా కంప్రెసర్ చక్రంపై చేరుతుంది. కుదింపు వలన గాలి ఉష్ణోగ్రత 150 డిగ్రీల సెల్సియస్‌కు మించినప్పుడు ఆ పొర క్రమంగా గట్టి పెచ్చుగా మారి టర్బో సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. తరువాత ఇంటర్‌కూలర్ లోపలి గోడలపై పరచుకొని గాలి చల్లబడడాన్ని అడ్డుకుంటుంది. రబ్బరు గొట్టాలను మెత్తబరచి జాయింట్ల వద్ద జారిపోయేలా చేస్తుంది. పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ ఏర్పాటు ఉన్న ఇంజిన్‌లో మసి, నూనె కలిసి మానిఫోల్డులో జిగట పొరగా గట్టిపడతాయి. మండిన నూనెలోని కాల్షియం, జింకు వంటి లోహాలు బూడిదగా మారి మసి వడపోత పరికరంలో నిలిచిపోతాయి. మసిని కాల్చివేయవచ్చు గాని ఈ బూడిదను కాల్చడం సాధ్యం కాదు. అందుకే ఇటువంటి పరికరాలు ఉన్న ఇంజిన్లకు బూడిద తక్కువగా ఇచ్చే సీజే-4, సీకే-4 వంటి తరగతుల ఇంజిన్ ఆయిల్‌ను తయారీదారులు సూచిస్తారు.

నూనె వేరుచేసే పరికరాలు ప్రధానంగా మూడు రకాలు. అడ్డుపలకలు, తీగల జాలి ఉన్నవి పెద్ద బిందువులను మాత్రమే ఆపుతాయి. సన్నని నారల పొర ఉన్నవి చిన్న బిందువులను ఒకదానితో ఒకటి కలిపి పెద్దవిగా చేసి కిందికి దించుతాయి. ఇవి సమర్థమైనవే గాని నిర్ణీత గంటల తరువాత పొరను మార్చవలసిందే. తిరిగే పళ్లేల సహాయంతో అపకేంద్ర బలం ద్వారా వేరుచేసేవి పెద్ద ఇంజిన్లలో కనిపిస్తాయి. మార్కెట్లో దొరికే ఖాళీ డబ్బాను గొట్టం మధ్యలో అమర్చి సమస్య తీరిందనుకోవడం సరికాదు. లోపల వడపోత పొర లేని డబ్బా పెద్ద బిందువులను పట్టుకుంటుంది గాని సూక్ష్మ బిందువులు దానిని దాటిపోతాయి.

మూసిన పద్ధతిలో పీడనాన్ని క్రమబద్ధం చేసే పలుచని రబ్బరు పొర వాల్వు కూడా ఉంటుంది. దీని అవసరం ఎయిర్ ఫిల్టర్ నిండినప్పుడు తెలుస్తుంది. ఫిల్టర్ మార్చవలసిన స్థితిని తెలిపే సూచికలు అనేకం 635 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానమైన పీల్చుడు వద్ద ఎరుపు చూపుతాయి. వాల్వు చిరిగిపోయినప్పుడు ఆ పీల్చుడు నేరుగా క్రాంక్‌కేసుపై పనిచేస్తుంది. అప్పుడు నూనె తుంపర అధికంగా లోపలికి లాగబడుతుంది. క్రాంక్ సీళ్ల అంచుల నుండి బయటి దుమ్ము కూడా లోపలికి చేరవచ్చు.

బ్రీదర్ మూసుకుపోయినప్పుడు జరిగేది

పైన చెప్పిన లెక్క ప్రకారం నిమిషానికి 60 లీటర్ల వాయువు చేరుతున్న ఇంజిన్‌లో ఖాళీ స్థలం 20 లీటర్లు ఉన్నదనుకొందాం. బయటకు పోయే దారి పూర్తిగా మూసుకుపోతే, సిద్ధాంతరీత్యా 20 సెకన్లలో లోపలి పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు కావాలి. వాస్తవంలో అంతవరకు రాకముందే బలహీనమైన చోట దారి చేసుకుంటుంది. గేజి పైకి లేచిపోతుంది, క్రాంక్ సీళ్లు, వాల్వు కవర్ ప్యాకింగుల నుండి నూనె కారుతుంది. నూనె కారుతున్న చోట ప్యాకింగు మార్చినా కొద్ది రోజులలో మరొక చోట కారడం మొదలవుతుంది.

టర్బో విషయంలో పాక్షికమైన అడ్డంకి కూడా చాలు. టర్బోలోకి నూనె పంపు ఒత్తిడితో వెళ్తుంది, కాని తిరిగి సంపులోకి తన బరువుతోనే దిగుతుంది. టర్బోకు, సంపులోని నూనె మట్టానికి మధ్య ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకొంటే, ఆ నూనె స్తంభం 26 సెంటీమీటర్ల నీటి స్తంభానికి సమానం. క్రాంక్‌కేస్ పీడనం ఆ స్థాయికి చేరితే నూనెను కిందికి దించే బలం పూర్తిగా రద్దవుతుంది. టర్బో నుండి వచ్చే నూనె గాలి బుడగలతో నురుగుగా ఉండి తేలికగా ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువ పీడనానికే అది ఆగిపోతుంది. దిగలేని నూనె టర్బో మధ్య భాగంలో నిండి, రెండు వైపులా సీళ్లను దాటుతుంది. ఒక వైపు ఇంటర్‌కూలర్‌లో నూనె, మరొక వైపు సైలెన్సర్ నుండి నీలి పొగ కనిపిస్తాయి.

ఈ రెండు లక్షణాలను చూసినవారు టర్బో పాడైనదని నిర్ణయిస్తారు. టర్బో మార్చినా కారణం అలాగే ఉండడం వలన కొత్త టర్బో కూడా నూనె కారుస్తుంది. తరువాతి అడుగుగా ఇంజిన్ విప్పుతారు. ఒక గొట్టం శుభ్రం చేస్తే లేదా ఒక వడపోత పొర మారిస్తే తీరే సమస్యకు రైతు పెద్ద మొత్తాన్ని, దానికి మించి కోతకాలాన్ని కోల్పోతాడు.

నిర్ధారణ క్రమం

లక్షణాన్ని బట్టి నేరుగా విడిభాగం మార్చకుండా, తక్కువ ఖర్చుతో కూడిన పరీక్షల నుండి ఎక్కువ ఖర్చుతో కూడిన వాటి వైపు వెళ్లడం శాస్త్రీయం.

1. నూనె మట్టం: ఇంజిన్‌ను సమతల ప్రదేశంలో ఆపి, కొంత సమయం తరువాత గేజి చూడాలి. మట్టం గరిష్ఠ గీతను దాటి ఉంటే క్రాంక్ నూనెను తాకి చిలికి తుంపరను పెంచుతుంది. నూనె పోయకుండానే మట్టం పెరుగుతుంటే డీజిల్ గాని, ముందరి హైడ్రాలిక్ పంపు సీలు గుండా హైడ్రాలిక్ నూనె గాని కలుస్తున్నదని అనుమానించాలి. అటువంటి ఇంజిన్‌ను కారణం తెలిసేవరకు నడపరాదు.

2. నూనె రంగు: మూత అడుగున మాత్రమే తెల్లని పదార్థం ఉండి, గేజిపై నూనె మామూలుగా ఉండి, రేడియేటర్ నీరు తగ్గకుండా ఉంటే అది చల్లబడిన ఆవిరి. గేజిపై నూనె కూడా పాలరంగులో ఉండి నీరు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగు లేదా లైనర్ సీళ్ల నుండి నీరు కలుస్తున్నది.

3. బ్రీదర్ మార్గం: గొట్టాన్ని రెండు చివరలా విప్పి లోపలి పొర ఊడి మడతపడిందా, బురద, మట్టి గూడు, జిడ్డు ఉన్నాయా చూడాలి. మట్టితో గూళ్లు కట్టే కందిరీగలు పనిలేని నెలలలో గొట్టాల కొనలను మూసివేయడం సాధారణం.

4. ఎయిర్ ఫిల్టర్: నిండిన ఫిల్టర్ వలన కంప్రెసర్ ముందు పీల్చుడు పెరిగి, టర్బో సీలు మంచిదైనా నూనెను లాగుతుంది.

5. క్రాంక్‌కేస్ పీడనం: పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో ఒక పలకపై బిగించి, రంగు కలిపిన నీరు సగం వరకు పోసి, ఒక కొనను నూనె మూత స్థానంలో గాలి చొరబడని అమరికతో కలపాలి. గేజి గొట్టానికి కలపడం కంటే ఇది మేలు, ఎందుకంటే కొన్ని ఇంజిన్లలో గేజి గొట్టం కొన నూనెలో మునిగి ఉండి తప్పు కొలత ఇస్తుంది. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే పీడనం. దీనిని ఖాళీగా నడిచేటప్పుడు, పీటీఓ ద్వారా పూర్తి భారం ఇచ్చినప్పుడు నమోదు చేసి తయారీదారుని పుస్తకంలోని పరిమితితో పోల్చాలి.

6. పోలిక: బ్రీదర్ గొట్టాన్ని లేదా వడపోత పొరను తాత్కాలికంగా తొలగించినప్పుడు పీడనం పడిపోతే దోషం ఆ మార్గానిదే. తొలగించినా పీడనం తగ్గకపోతే బ్లో-బై నిజంగానే ఎక్కువగా ఉన్నది. అప్పుడు ఒక్కొక్క సిలిండర్‌కు గాలి లీకు పరీక్ష చేయాలి. సిలిండర్లన్నీ బాగుంటే టర్బో సీళ్లను, ఇరుసు ఊగిసలాటను పరీక్షించాలి.

మొదటి నాలుగు పరీక్షలకు ఖర్చు దాదాపు లేదు. అయిదవ దానికి కావలసిన పరికరాన్ని ఏ కృషి విజ్ఞాన కేంద్రంలోనైనా తయారుచేసుకోవచ్చు. ఒక్కసారి తీసుకున్న కొలత కంటే ప్రతి సీజనుకు ముందు తీసుకున్న కొలతల వరుస ఎక్కువ సమాచారం ఇస్తుంది. ఏటా కొద్దిగా పెరిగే పీడనం రింగుల సహజమైన అరుగుదలను, హఠాత్తుగా పెరిగిన పీడనం అడ్డంకిని లేదా విరిగిన రింగును సూచిస్తుంది.

ఇంజిన్ అదుపు తప్పే ప్రమాదం

డీజిల్ ఇంజిన్ మండే గుణమున్న ఏ ఆవిరినైనా ఇంధనంగా స్వీకరిస్తుంది. నూనె అధికంగా పోసినప్పుడు, ట్రాక్టరు గట్టు ఎక్కుతూ బాగా ఒరిగినప్పుడు, టర్బో సీళ్లు పూర్తిగా పోయినప్పుడు లేదా ఇంటర్‌కూలర్‌లో నిలిచిన నూనె ఒక్కసారిగా కదిలినప్పుడు ఇంజిన్ తన నూనెనే తాగి, వేగం తనంతట తానే పెంచుకుంటుంది. అప్పుడు తాళం తీసినా, డీజిల్ ఆపినా ఇంజిన్ ఆగదు. దట్టమైన తెల్లని లేదా నీలి పొగ, యాక్సిలరేటర్‌కు లొంగని వేగం దీని గుర్తులు.

ఇటువంటి సమయంలో చుట్టుపక్కల వారిని వెంటనే దూరంగా పంపాలి, ఎందుకంటే అధిక వేగంలో ఇంజిన్ భాగాలు పగిలి ఎగిరే ప్రమాదం ఉంది. డ్రైవరు సీటులోనే ఉంటే పెద్ద గేరు వేసి బ్రేకు నొక్కి క్లచ్ వదలడం ద్వారా ఇంజిన్‌ను ఆపడానికి ప్రయత్నించవచ్చు. సురక్షితంగా చేరగలిగితేనే గాలి పీల్చే గొట్టాన్ని దృఢమైన చదునైన చెక్కతో మూయాలి, లేదా కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక పరికరాన్ని ఆ గొట్టంలోకి వదలాలి. చేతిని గాని, వదులుగా ఉన్న బట్టను గాని అడ్డుపెట్టరాదు. ఈ విషయాన్ని యంత్ర సేవా కేంద్రాల డ్రైవర్లకు ముందుగానే చెప్పి ఉంచాలి. జరిగిన తరువాత ఆలోచించే వ్యవధి ఉండదు.

యాజమాన్య సూచనలు

సీజనుకు ముందు: బ్రీదర్ గొట్టాన్ని, జాలిని డీజిల్‌తో కడిగి ఆరబెట్టాలి. నారల పొర ఉన్న వడపోతను కడగరాదు, నిర్ణీత గంటలకు మార్చాలి. ఇంటర్‌కూలర్ అడుగు గొట్టాన్ని విప్పి నిలిచిన నూనెను తీసివేయాలి. లోపల పలుచని నూనె పొర ఉండడం సహజం, గుంటకట్టి ఉంటే కారణం వెదకాలి. క్రాంక్‌కేస్ పీడనాన్ని కొలిచి యంత్రం పుస్తకంలో వ్రాయాలి.

దమ్ము సమయంలో: ఇనుప చక్రాలు ఎగరవేసే బురద గొట్టం కొనను మూసివేస్తుంది కాబట్టి ప్రతి సాయంత్రం దానిని చూడాలి. చక్రం దిగబడి ట్రాక్టరు ఒక వైపుకు ఒరిగినప్పుడు ఇంజిన్‌ను అధిక వేగంతో ఎక్కువసేపు నడపరాదు.

కోత సమయంలో: రోజూ పని ముగిసిన తరువాత ఇంజిన్ చల్లబడ్డాక టర్బో, ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న పొట్టును, నూనె తడిని తుడవాలి. ఎయిర్ ఫిల్టర్‌ను సూచిక చూపినప్పుడు మార్చాలి. అధిక ఒత్తిడి గాలితో ఊదడం వలన కాగితపు పొరలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. వాటి గుండా పోయిన దుమ్ము రింగులను, లైనర్లను అరగదీస్తుంది. బ్లో-బై పెరగడానికి ఇంతకు మించిన కారణం మన పొలాలలో లేదు.

ఖాళీగా నడపడం: భారీ పని తరువాత టర్బో చల్లబడడానికి రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడపడం అవసరం. ట్రాలీ కోసం అరగంట సేపు ఇంజిన్‌ను ఖాళీగా నడుపుతూ నిలబెట్టడం హానికరం. తక్కువ వేడిలో రింగులు సరిగా బిగియక, మసి పేరుకొని, నీరు నూనెలో నిలిచిపోతుంది.

మార్పులు చేసేటప్పుడు: గొట్టం వ్యాసాన్ని తగ్గించరాదు. గొట్టం మధ్యలో వంగి నీరు నిలిచే గుంట ఏర్పడకుండా వాలుగా అమర్చాలి. నూనె చుక్కలు పడుతున్నాయని కొనకు బిరడా గాని, గుడ్డ గాని కట్టరాదు. వేరుచేసే పరికరం అమర్చితే అది మూసుకుపోయినప్పుడు తెరుచుకునే రక్షణ వాల్వు తప్పనిసరిగా ఉండాలి. వారంటీలో ఉన్న యంత్రానికి తయారీదారుని అనుమతి లేకుండా ఎటువంటి మార్పూ చేయరాదు.

వ్యర్థ నూనె: డబ్బాలో చేరిన నూనెలో నీరు, ఆమ్లాలు కలిసి ఉంటాయి కాబట్టి దానిని తిరిగి ఇంజిన్‌లో పోయరాదు. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. పొలం గట్టుపై గాని, కాలువలో గాని పోయకుండా మూత ఉన్న డబ్బాలో భద్రపరచి అధీకృత సేకరణదారులకు అప్పగించాలి.

ముగింపు

క్రాంక్‌కేస్ వాయు మార్గం విషయంలో మూడు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. వాయువు ఎంత వస్తున్నది, అది బయటకు పోయే దారి తెరిచి ఉన్నదా, దానితో పాటు నూనె ఎంత పోతున్నది? మొదటిది రింగులు, టర్బో సీళ్ల స్థితిని, రెండవది బ్రీదర్ స్థితిని, మూడవది నూనె మట్టం, వేరుచేసే పరికరాల స్థితిని తెలుపుతుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే లక్షణంగా చూడడం వలననే నిర్ధారణలో తప్పులు జరుగుతున్నాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర సేవా కేంద్రాల నిర్వాహకులకు ఇచ్చే శిక్షణలో యూ గొట్టపు పరీక్షను ఒక ప్రదర్శనాంశంగా చేర్చడం ఉపయోగకరం. విద్యార్థులు తమ గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామంలోని కోత యంత్రాలు, పెద్ద ట్రాక్టర్ల క్రాంక్‌కేస్ పీడనాన్ని సీజనుకు ముందు, తరువాత కొలిచి, నడిచిన గంటలు, ఎయిర్ ఫిల్టర్ మార్చిన తేదీలు, పోసిన నూనె పరిమాణంతో కలిపి నమోదు చేయవచ్చు. మన దుమ్ములో, మన బురదలో, మన పని గంటలలో ఈ కొలతలు ఎలా మారుతున్నాయో తెలిపే అటువంటి సమాచారం సేకరిస్తే, రైతుకు ఇంజిన్ ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు విప్పనవసరం లేదో నిర్దిష్టంగా చెప్పగలుగుతాము.